వాతావరణ ప్రణాళికలో మనుషుల లెక్క కూడా ఉండాలి: స్థానిక ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

నగర, పట్టణ, గ్రామీణ స్థానిక సంస్థల్లో వాతావరణ కార్యాచరణ ప్రణాళికలు తయారుచేసే అధికారులకు, వాటికి ఆమోదం తెలిపే ప్రజాప్రతినిధులకు,

నమస్కారాలు.

వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ముసాయిదా విడుదల చేసి అభ్యంతరాలు, సూచనలు తెలపాలని కోరినప్పుడు అద్దె ఇళ్లలో ఉండేవారు, పారిశుద్ధ్య కార్మికులు, వీధి వ్యాపారులు, వికలాంగుల సంఘాల ప్రతినిధులు కలిసి కూర్చుని, మాట్లాడుకుని, రాతపూర్వకంగా విజ్ఞాపన పత్రం సమర్పించాం. అందినట్లు రసీదు వచ్చింది. జవాబు రాలేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకూ రాలేదు. తుది ప్రతి వెలువడ్డాక చదివితే మేము లేవనెత్తిన అంశాల్లో ఒక్కదానికీ అందులో చోటు దక్కలేదు. ఎందుకు స్వీకరించలేదో చెప్పే వాక్యం కూడా లేదు. అనుబంధంలో మాత్రం భాగస్వాములందరితోనూ సంప్రదింపులు పూర్తయ్యాయని రాసి ఉంది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇతర ప్రాంతాల పౌర బృందాలతో మాట్లాడినప్పుడు వారి అనుభవమూ ఇదేనని తెలిసింది. ఒక్క కార్యాలయానికి సంబంధించిన లోపమైతే అక్కడే అడిగి తేల్చుకునేవాళ్లం. ప్రణాళికలు తయారుచేసే పద్ధతిలోనే లోపం ఉంది కనుక అందరికీ తెలిసేలా ఈ లేఖ రాస్తున్నాం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే వాయువుల విడుదల, తగ్గించాలన్న మీ లక్ష్యాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఆ పని వేగంగా జరగాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది మేమే, ఎందుకంటే ఆలస్యమైతే ముందుగా నష్టపోయేదీ మేమే. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022లో వెలువరించిన నివేదికల ప్రకారం, కుటుంబాల వినియోగం వల్ల ప్రపంచంలో వెలువడే ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతం అత్యధికంగా వెదజల్లే 10 శాతం కుటుంబాలవే. అడుగున ఉన్న 50 శాతం కుటుంబాల వాటా 13 నుంచి 15 శాతం మాత్రమే. 2010 నుంచి 2020 వరకు వరదలు, కరవులు, తుపానుల వల్ల సంభవించిన మరణాల రేటు, ముప్పును తట్టుకునే శక్తి బాగా తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఆ శక్తి బాగా ఉన్న ప్రాంతాల కంటే 15 రెట్లు ఎక్కువగా ఉందని కూడా ఆ సంఘమే తేల్చింది. చేసేవారు ఒకరు, అనుభవించేవారు మరొకరు అన్న ఈ తేడా దేశాల మధ్యే కాక ఒకే నగరంలోని రెండు వార్డుల మధ్య కూడా ఉంటుంది. మీ ప్రణాళికల్లో ఎన్ని టన్నుల కర్బనం తగ్గుతుందో దశాంశాలతో సహా లెక్క కడతారు. ఏ వార్డులో ఎవరికి మేలు జరుగుతుంది, ఎవరి మీద భారం పడుతుంది అన్న లెక్క మాత్రం కట్టరు. మా ఫిర్యాదు అంతా ఈ ఒక్క లోటు గురించే.

ఆ లెక్క లేకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో కింద వివరిస్తున్నాం.

1. నగర సగటు ఉష్ణోగ్రత చూసి వేసే ప్రణాళిక, ఆ సగటు కంటే ఎంతో ఎక్కువ వేడిలో బతికేవారిని చూడదు. రేకుల కప్పు కింద ఒకే గదిలో ఉండే కుటుంబాన్ని తీసుకోండి. రాత్రి పది దాటాక గోడ మీద చెయ్యి పెట్టినా కాలుతూనే ఉంటుంది. పొయ్యి అదే గదిలో, పడక అదే గదిలో. కిటికీ తెరిస్తే మురుగు కాలువ దోమలు, మూస్తే ఉక్క. పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన శరీరానికి రాత్రి కూడా చల్లబడే వీలు ఉండదు. వడదెబ్బ మరణం చాలాసార్లు ఇలా రోజుల తరబడి పోగుపడి వస్తుంది, కాబట్టి మరణ ధ్రువపత్రంలో దాని పేరు ఉండదు. గుండె ఆగిపోయిందనో, మూత్రపిండాలు దెబ్బతిన్నాయనో ఉంటుంది.

1995 జులైలో షికాగో నగరంలో వీచిన వడగాడ్పులకు సాధారణం కంటే 700కు పైగా మరణాలు ఎక్కువగా సంభవించాయి. ఆ నగరంలో నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పక్కపక్కనే ఉన్న ప్రాంతాలు. పేదరికంలోనూ, ఒంటరి వృద్ధుల సంఖ్యలోనూ పెద్ద తేడా లేదు. పడిన ఎండా ఒకటే. అయినా మొదటి ప్రాంతంలో మరణాల రేటు రెండో దానికంటే దాదాపు పది రెట్లు ఉంది. ఒకచోట దుకాణాలు మూతపడి, ఇళ్లు ఖాళీ అయి, వృద్ధులు బయటికి రావడానికి భయపడి తలుపులు బిగించుకున్నారు. మరోచోట వీధిలో జనం తిరుగుతున్నారు, నడిచి వెళ్లి కూర్చోవడానికి చల్లని దుకాణాలున్నాయి, పలకరించేవారున్నారు. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది మరణించారు. వారిలో 98 శాతం మంది ఇళ్ల లోపలే ప్రాణాలు కోల్పోయారని, సగానికి పైగా ఒంటరిగా ఉండేవారని, మూడింట రెండొంతుల మంది 70 ఏళ్లు దాటినవారని అక్కడి మరణ విచారణాధికారుల నివేదిక చెప్పింది. రహదారుల వెంట మొక్కలు నాటే లక్ష్యం ఎంత మంచిదైనా, తలుపు వేసి ఉన్న గదిలో స్పృహ తప్పిన వృద్ధురాలికి అది అందదు. ఆమె ఫలానా ఇంట్లో, ఫలానా అంతస్తులో ఒంటరిగా ఉంటుందని తెలిసి వెళ్లి తలుపు తట్టే వ్యవస్థ కావాలి.

ఈ అసమానత దానంతట అది ఏర్పడింది కాదు. అమెరికాలో 1930లలో నల్లజాతివారు, వలసవచ్చినవారు ఉంటున్నారన్న కారణంతో గృహరుణాలకు పనికిరావని పటాల మీద ఎరుపు రంగు వేసిన ప్రాంతాలను 108 నగరాల్లో పరిశీలించగా, 94 శాతం నగరాల్లో అవి నేటికీ మిగతా ప్రాంతాల కంటే వేడిగా ఉన్నట్లు 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. సగటు తేడా 2.6 డిగ్రీల సెల్సియస్. ఎనభై, తొంభై ఏళ్ల కిందటి పాలనా నిర్ణయం ఈనాటి వేసవిలో మనుషుల ఒంటికి తగులుతోంది. సరిదిద్దడం కూడా పాలనా నిర్ణయంతోనే సాధ్యం. 2010 మే నెలలో 1,300కు పైగా అదనపు మరణాలు చూసిన అహ్మదాబాద్, 2013లో దక్షిణాసియాలోనే తొలిసారిగా వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక అమలు చేసింది. ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, ముందస్తు హెచ్చరికలు, బస్తీవాసులు, ఆరుబయట కూలీల మీద ప్రత్యేక దృష్టి అందులో ఉన్నాయి. ఆ తరువాతి ఏళ్లలో మరణాలు గణనీయంగా తగ్గాయని పరిశోధకులు అంచనా వేశారు. ఎవరికి ముప్పు ఎక్కువో ముందే పేరుపెట్టి చెప్పిన ప్రణాళిక కావడం వల్లనే అది పనిచేసిందని మా అభిప్రాయం.

2. హెచ్చరిక పంపడం వేరు, అది చేరడం వేరు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా హరికేన్ అవశేషాలు న్యూయార్క్ నగరంపై కుండపోతగా కురిసినప్పుడు మరణించిన 13 మందిలో 11 మంది నేలమాళిగల్లోని గదుల్లో ఉన్నవారే. నగరంలో అద్దెలు భరించలేని వలస కుటుంబాలు అలాంటి గదుల్లో తలదాచుకుంటాయి. ఫోన్లకు వెళ్లిన ప్రభుత్వ హెచ్చరికలు ఇంగ్లిష్, స్పానిష్ భాషల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలో మాట్లాడే భాషలు ఇంకెన్నో. 2005లో కత్రినా హరికేన్ ముంచుకొచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్ ప్రజలను ఊరు విడిచి వెళ్లమన్నారు. లక్షమందికి పైగా నగరవాసులకు సొంత వాహనం లేదు. లూసియానా రాష్ట్రంలో చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవారు.

1991లో బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుపాను దాదాపు 1,40,000 మందిని బలితీసుకుంది. 20 నుంచి 44 ఏళ్ల వయసువారిలో మరణాల రేటు పురుషుల్లో వెయ్యికి 15 కాగా స్త్రీలలో వెయ్యికి 71. పిల్లలను, ముసలివారిని వదిలి కదలలేకపోవడం, ఇంటి మగవారు వచ్చేదాకా ఆగడం, ఆశ్రయ కేంద్రాల్లో ఆడవారికి విడిగా చోటు లేకపోవడం, హెచ్చరిక మగవారు కూడే చోట్ల మాత్రమే వినబడడం దీనికి కారణాలుగా చెబుతారు. ఆ దేశం పాఠం నేర్చుకుంది: తుపాను సన్నద్ధతా కార్యక్రమంలో మహిళా వాలంటీర్లను పెద్ద సంఖ్యలో చేర్చుకుని ఇంటింటికీ పంపింది, ఆశ్రయాల నిర్మాణం మార్చింది. ఇదంతా స్థానికంగా, ఎక్కువ ఖర్చు లేకుండా చేయదగిన పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, ఏదో ఒక వైకల్యంతో జీవిస్తున్నారు. విపత్తుల్లో వారి రక్షణ బాధ్యత ప్రభుత్వాలదేనని 2006 నాటి ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 11వ అధికరణంలో ఉంది. సైరను వినబడని బధిరులు, మెట్లు దిగలేని చక్రాల కుర్చీ వాడకందారు, కరెంటు పోతే ఆగిపోయే శ్వాసయంత్రం మీద ఆధారపడిన రోగి మీ వరద పటంలో ఎక్కడున్నారు? మేము చదివిన ముసాయిదాలో వారి ప్రస్తావన ‘బలహీన వర్గాలు’ అన్న ఒక్క మాటతో ముగిసింది.

3. ప్రోత్సాహకాలు ఇప్పటికే ఉన్నవారికే చేరుతున్నాయి. ఇంటి పైకప్పుపై సౌర ఫలకాల రాయితీకి పెట్టిన దరఖాస్తు ఫారాన్ని ఒకసారి తీసి చూడండి. మొదటి గడిలో దరఖాస్తుదారు పేరు. రెండో గడిలో ఆస్తి పన్ను సంఖ్య. మూడో గడిలో పైకప్పు వైశాల్యం. నాలుగో గడిలో, ముందుగా సొమ్ము చెల్లించినట్లు రుజువు. రాయితీ ఆ తరువాత ఖాతాలో పడుతుంది. అద్దెదారు కలం రెండో గడి దగ్గరే ఆగిపోతుంది. సొంత గుడిసె ఉన్నా పట్టా లేనివారిదీ అదే స్థితి. అవన్నీ దాటిన చిన్న ఉద్యోగి నాలుగో గడి దగ్గర ఆగిపోతాడు. ఈ ఫారం తయారుచేసినవారికి ఎవరినీ మినహాయించే ఉద్దేశం లేదనే మేము నమ్ముతున్నాం. అయినా ఫలితం మినహాయింపే. పేదలు కూడా కట్టే పన్నుల్లోంచి తీసిన డబ్బు, కరెంటు బిల్లు ఇబ్బంది కాని ఇళ్లకు చేరి, ఆ బిల్లును మరింత తగ్గిస్తోంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర ఓటర్లు 2018 నవంబరులో పెద్ద చిల్లర వ్యాపార సంస్థల అమ్మకాలపై ఒక శాతం అదనపు రుసుము విధించి, ఆ నిధిని తక్కువ ఆదాయ కుటుంబాలకు, వివక్షకు గురైన జాతులవారికి ప్రాధాన్యమిస్తూ ఇళ్ల మరమ్మతులకు, స్వచ్ఛ ఇంధనానికి ఖర్చు చేయాలని తీర్మానించారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2012లో చేసిన చట్టం, కర్బన ఉద్గారాలకు ఇచ్చే అనుమతులను వేలం వేయగా వచ్చే సొమ్ములో కనీసం 25 శాతం కాలుష్యం, పేదరికం రెండూ మోస్తున్న ప్రాంతాలకు మేలు చేసేలా ఖర్చు కావాలని నిర్దేశించింది. ఆ ప్రాంతాలేవో గుర్తించడానికి అందరికీ కనబడే కొలమానం పెట్టుకుంది. ప్రకటనల్లో న్యాయం గురించి ఎన్ని పేరాలు రాసినా, బడ్జెట్ పద్దులో ఇంత శాతం అని రాసిన ఒక్క అంకెకు సాటి రావు.

4. పచ్చదనం పేరుతో మనుషులు ఖాళీ అవుతున్నారు. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది నేరుగా: కాలువ గట్టున, నది ఒడ్డున ఉన్న ఇళ్లు వరద ప్రమాదంలో ఉన్నాయని తొలగిస్తారు, ఊరికి దూరంగా గదులు చూపిస్తారు, కొన్నాళ్లకు అదే గట్టున నడక దారులు, పూలతోటలు వెలుస్తాయి. ప్రమాదం నిజమే కావచ్చు. కానీ పని దొరికే చోటుకు, పిల్లల బడికి, ఆసుపత్రికి దూరమైన కుటుంబం ప్రమాదం నుంచి బయటపడినట్టు కాదు. వరద ప్రమాదం పోయి ఆకలి ప్రమాదం వచ్చినట్టు. రెండోది మెల్లగా: పార్కు వస్తుంది, అద్దెలు పెరుగుతాయి, అక్కడ ఉన్నవారు వెళ్లిపోతారు. షికాగోలో పాత రైలు మార్గాన్ని నడక, సైకిల్ దారిగా మార్చి 2015లో ప్రారంభించాక పశ్చిమ కొసన కార్మిక కుటుంబాలుండే ప్రాంతాల్లో ఇళ్ల ధరలు బాగా పెరిగాయి. చిన్న అద్దె ఇళ్లను కూల్చి ఖరీదైనవి కట్టడం ఎంతగా పెరిగిందంటే, 2021లో ఆ నగర మండలి కూల్చివేతలపై ప్రత్యేక రుసుము విధించాల్సి వచ్చింది. అంటే ఉద్యానవనం వచ్చిన ఆరేళ్లకు రక్షణ వచ్చింది. ఆ రెండింటి వరుస తారుమారు కావాలి.

ఆదివాసీ ప్రాంతాల్లో అడవుల పెంపకం, సౌర, పవన విద్యుత్ కేంద్రాల కోసం భూములు తీసుకునేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. ముందుగా, అన్ని వివరాలూ చెప్పి, బలవంతం లేకుండా వారి సమ్మతి తీసుకోవాలని 2007 నాటి ఐక్యరాజ్య సమితి మూలవాసుల హక్కుల ప్రకటన చెబుతోంది. కర్బనం తగ్గించే ప్రాజెక్టు అయినంత మాత్రాన ఆ నియమం సడలదు.

5. పనులు పోతున్నాయి, పోయేవారిని ఎవరూ అడగడం లేదు. చెత్త సేకరణను యంత్రాలకు, పెద్ద గుత్తేదారులకు అప్పగించడాన్ని మీ ప్రణాళికలు ఆధునికీకరణగా చూపిస్తాయి. అప్పటిదాకా ప్లాస్టిక్, కాగితం, లోహం వేరుచేసి పునర్వినియోగానికి పంపి, పైసా జీతం లేకుండా ఆ నగరపు ఉద్గారాలు తగ్గించినది చెత్త ఏరుకునేవారే. కొలంబియా రాజధాని బొగోటాలో వారు న్యాయపోరాటం చేశారు. 2011లో రాజ్యాంగ న్యాయస్థానం వారిని పక్కనపెట్టిన టెండరు ప్రక్రియను నిలిపివేయించింది, 2013 నుంచి వారు సేకరించే పదార్థానికి నగరం చెల్లింపులు మొదలుపెట్టింది. పుణెలో చెత్త ఏరుకునేవారు ఏర్పరచుకున్న సహకార సంఘం 2008 నుంచి నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని ఇంటింటి సేకరణ చేస్తోంది.

పని పోనివారి సంగతీ చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 నివేదిక ప్రకారం ప్రపంచ శ్రామికుల్లో 70 శాతానికి పైగా, అంటే దాదాపు 240 కోట్ల మంది, పని చోట అధిక వేడికి గురవుతున్నారు. మధ్యాహ్నం పని ఆపమని సలహా ఇవ్వడం తేలిక. పని ఆపితే కూలి ఆగిపోయేవారికి ఆ సలహా ఎవరి ఖర్చు మీద ఇస్తున్నారో కూడా చెప్పాలి.

6. పన్నులు, ఆంక్షల విషయంలో మాట క్లుప్తంగా చెబుతాం. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో ఇంధన పన్ను పెంపు మీద పసుపు చొక్కాల ఉద్యమం చెలరేగింది. డిసెంబరులో ప్రభుత్వం పెంపును విరమించుకుంది. బస్సు, రైలు అందుబాటులో లేక రోజూ సొంత బండి మీద పనికి పోయేవారి మీద, వేరే దారి చూపకుండా, ధర ఒక్కటే పెంచడం ఆ కోపానికి ఒక ముఖ్య కారణం. న్యాయం లేని చర్య పేదలకే కాదు, వాతావరణ లక్ష్యానికీ నష్టం చేస్తుంది.

7. వీటన్నిటికీ మూలం సంప్రదింపుల తీరులో ఉంది. మేము హాజరైన ప్రజాభిప్రాయ సేకరణ పనిదినాన ఉదయం పదకొండు గంటలకు పెట్టారు. దినసరి కూలీకి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. సమావేశ మందిరం పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. చక్రాల కుర్చీలో వచ్చిన సభ్యుణ్ణి నలుగురు మోసుకుని పైకి తీసుకెళ్లాల్సి వచ్చింది. సైగభాష అనువాదకులు లేరు. వందల పేజీల ముసాయిదా సాంకేతిక పరిభాషతో నిండి ఉంది, అక్కడి సగం మంది ఇంట్లో మాట్లాడే భాషలో దాని సారాంశం కూడా లేదు. ప్రదర్శన ముగిసేసరికి కేటాయించిన సమయం దాదాపు అయిపోయింది. మాట్లాడే అవకాశం వచ్చిన ఒకరిద్దరి మాటలనూ ఎవరూ రాసుకోలేదు. దీన్నే సంప్రదింపులుగా నమోదు చేశారు.

ప్రజల భాగస్వామ్యం మీ దయ మీద ఆధారపడిన విషయం కాదని సవినయంగా గుర్తుచేస్తున్నాం. పర్యావరణ విషయాల్లో సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాల్గొనడం, న్యాయం కోరడం పౌరుల హక్కులని ఐరోపా దేశాల 1998 నాటి ఆర్హస్ ఒప్పందం, లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల 2018 నాటి ఎస్కాజు ఒప్పందం చట్టబద్ధం చేశాయి. 2015 పారిస్ ఒప్పందం పీఠికలోనే మూలవాసులు, స్థానిక సమాజాలు, వలసవారు, పిల్లలు, వికలాంగుల హక్కులను, స్త్రీ పురుష సమానత్వాన్ని గౌరవించాలని ఉంది.

ఇది సాధ్యమా అని సందేహించేవారు బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరాన్ని చూడవచ్చు. 1989లో అక్కడ పురపాలక పెట్టుబడుల ప్రాధాన్యాలను పేటల వారీగా ప్రజలే సభల్లో తేల్చే పద్ధతి మొదలైంది. పేద పేటలకు నీరు, మురుగు పారుదల సౌకర్యాలు వేగంగా విస్తరించాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం 2019లో లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 150 మంది సామాన్య పౌరులతో వాతావరణ సభ ఏర్పాటు చేసి, వారికి భత్యం చెల్లించి, నిపుణులను అందుబాటులో ఉంచింది. వారు లోతైన సిఫార్సులు చేశారు. అయితే వాటిలో చాలావాటిని చట్టం చేసే దశలో నీరుగార్చడంతో ఆ పౌరులే బహిరంగంగా నిరాశ వ్యక్తం చేశారు. అడగడంతో పాటు, అడిగాక ఏం చేశారో జవాబు చెప్పడం కూడా నియమంగా ఉండాలనడానికి అది చాలు.

ఇవన్నీ చేస్తే ఆలస్యమవుతుందని, ఖర్చు పెరుగుతుందని కొందరు అధికారులు మాతో అన్నారు. ఆ ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. వాతావరణ విషయంలో సమయం నిజంగానే తక్కువగా ఉంది. అయితే అడగకుండా మొదలుపెట్టిన పనులు కోర్టు కేసుల్లో, ఆందోళనల్లో ఏళ్ల తరబడి ఆగిపోవడం, కట్టిన ఆశ్రయ కేంద్రానికి ఎవరూ రాకపోవడం, ఇచ్చిన రాయితీ ఖర్చు కాక మిగిలిపోవడం కూడా ఆలస్యమే, ఖర్చే. వాటిని ఏ పద్దులోనూ రాయరు కనుక అవి కనబడవు.

పై కారణాల వల్ల ఈ కింది డిమాండ్లను మీ ముందుంచుతున్నాం.

అ) ప్రతి వాతావరణ ప్రణాళికతోపాటు ఎవరికి మేలు, ఎవరికి భారం అన్న లెక్కను వార్డుల వారీగా ప్రచురించాలి. ఆదాయం, అద్దెదారులు, వయసు, వైకల్యం, లింగం, భాష, వివక్షకు గురయ్యే సామాజిక వర్గాల వివరాలు అందులో ఉండాలి. వ్యక్తుల పేర్లు బయటపడకూడదు. ఈ పత్రం లేకుండా ఏ ప్రణాళికకూ ఆమోదం తెలపరాదు. మిగతా డిమాండ్లలో దేనికైనా గడువు అడగండి, దీనికి మాత్రం అడగవద్దు.

ఆ) వాతావరణ నిధుల్లో ఒక నిర్దిష్ట శాతం ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు ముందుగానే కేటాయించి, ఆ అంకెను బడ్జెట్‌లోనే రాయాలి. ఎంత శాతమన్నది బహిరంగ చర్చలో తేల్చవచ్చు.

ఇ) రాయితీలకు ఆస్తి పత్రం షరతు తొలగించాలి. అద్దెదారులకు సామూహిక సౌర విద్యుత్తులో వాటా, రేకుల ఇళ్లకు చల్లని పైకప్పులు, ముందుగా సొమ్ము చెల్లించలేనివారికి నేరుగా సేవ అందించే ఏర్పాటు చేయాలి. రాయితీతో బాగుచేసిన ఇంట్లో నిర్ణీత కాలం అద్దె పెంచకూడదని, ఖాళీ చేయించకూడదని యజమాని నుంచి హామీ తీసుకోవాలి.

ఈ) వడగాడ్పులు, వరదల హెచ్చరికలు ఆ ప్రాంతంలో మాట్లాడే అన్ని భాషల్లో, సైగభాషలో, మాట రూపంలో, ఫోను లేనివారికి మనుషుల ద్వారా అందాలి. ఒంటరి వృద్ధులు, మంచం పట్టినవారు, వైద్య పరికరాలపై ఆధారపడినవారి జాబితాను వారి సమ్మతితో తయారుచేసి, ప్రతి వీధికి బాధ్యుల్ని నియమించి గౌరవవేతనం ఇవ్వాలి. బార్సిలోనా 2020 నుంచి గ్రంథాలయాలు, పాఠశాలలు, ఉద్యానవనాలను వాతావరణ ఆశ్రయాలుగా తీర్చిదిద్దుతోంది; అలాంటివి ముందుగా రేకుల ఇళ్లు ఎక్కువగా ఉన్న వార్డుల్లో, నడిచి వెళ్లగల దూరంలో, రాత్రిపూట కూడా తెరిచి ఉండేలా నెలకొల్పాలి.

ఉ) తరలింపు చివరి మార్గంగానే ఉండాలి. తప్పనిసరైతే కుటుంబాల సమ్మతితో, పని చోటుకు దగ్గరలో, పాత ఇల్లు తొలగించక ముందే కొత్త ఇల్లు అప్పగించాలి. పార్కులు, నదీతీర అభివృద్ధి ప్రాజెక్టుల్లో అద్దె రక్షణ చర్యలు పనులకంటే ముందే అమల్లోకి రావాలి.

ఊ) చెత్త ఏరుకునేవారు, పారిశుద్ధ్య కార్మికులు, వీధి వ్యాపారులు, రవాణా కార్మికుల జీవనోపాధిని తాకే ప్రతి నిర్ణయంలో వారి సంఘాలతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అధిక వేడి రోజుల్లో పని ఆపినప్పుడు కూలి నష్టానికి పరిహారం ఇవ్వాలి.

ఎ) సంప్రదింపులు ముసాయిదా రాసిన తరువాత కాకుండా రాయడానికి ముందే, సాయంత్రాలు, సెలవు దినాల్లో, బస్తీల్లో, అందరూ లోపలికి రాగల చోట్ల జరగాలి. కూలి వదులుకుని వచ్చేవారికి భత్యం, పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి. అందిన ప్రతి సూచనకు స్వీకరించామనో, ఫలానా కారణంతో తిరస్కరించామనో రాతపూర్వక జవాబు ప్రచురించాలి. ఏటా సామాజిక తనిఖీ జరిపి, అందులో తప్పని తేలిన పనిని ఆపే అధికారం ఆ తనిఖీ సంఘానికి ఇవ్వాలి. ఆ సంఘంలో సగానికి తగ్గకుండా ప్రభావిత ప్రాంతాలవారే ఉండాలి.

ఈ డిమాండ్లలో దేనికి అంగీకరిస్తారో, దేనికి అంగీకరించరో, ఎందుకో తెలుపుతూ తదుపరి బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యేలోగా బహిరంగంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. వార్డుల వారీ లెక్క తయారీకి మా సంఘాల దగ్గర ఉన్న సమాచారం, ఇంటింటికీ తిరిగే మనుషులు సిద్ధంగా ఉన్నారు, పిలిస్తే వస్తాం. గడువులోగా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తులు, చట్టసభల్లో వినతులు, అవసరమైతే న్యాయస్థానం ద్వారా ఇదే విషయాన్ని ముందుకు తీసుకువెళతాం.

ఇట్లు,
విజ్ఞాపన పత్రంపై సంతకాలు చేసినవారి తరఫున,
ఒక అద్దెదారు